అమీను గారు తాగని మంచినీళ్ళు

ముందుగా క్షమాపణలు. ఈ వ్యాసం వల్ల గౌరవ న్యాయస్థానం వారి ప్రతిష్ఠకు గాని, సాలూరు లారీ యజమానుల మనోభావాలకు గాని, విజయనగరం స్టీలు సామాన్ల కొట్ల వ్యాపారానికి గాని, నా దగ్గర ఎకనామిక్స్ చదివి కూడా పాసయిన విద్యార్థుల భవిష్యత్తుకు గాని ఏ మాత్రం భంగం కలిగినా, రెండు చేతులూ జోడించి, అవసరమైతే ఒంటికాలి మీద నిలబడి, బేషరతుగా క్షమాపణ వేడుకుంటున్నాను. నా పాపాలు లెక్కలేనన్ని. వాటిలో చాలావరకు నేను చెయ్యనివే. నిజంగా చేసింది ఒక్కటుంది. అది చివర్లో చెబుతాను. ముందే చెబితే మిగతాదంతా నన్ను తిట్టుకుంటూ చదువుతారు.

అమీను గారు పోయారు.

ఆ కబురు నాకు రెండో పీరియడ్‌లో వచ్చింది. గజపతినగరంలో మా కాలేజీలో పిల్లలకు డిమాండు సూత్రం చెబుతున్నాను. తెలియని నెంబరు.

"మాస్టారాండీ? నాను అమీను గారబ్బాయినండి. నాన్న నిన్న పొద్దున్న పోనారండి. గుండె. ఎవులెవులికి సెప్పాలో అని నాన్న జేబుపుస్తకం సూస్తన్నానండి. ఆకరి పేజీలో మీ పేరు, నెంబరు, దాని కింద 'గ్లాసు ఒకటి' అని రాసున్నాది. నాన్న మీకేటైనా ఇవ్వాలేటండి?"

తండ్రి పోయిన మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. నాకు తెలిసిన విద్య ఒక్కటే. "లేదండి, నేనే ఆయనకివ్వాలి. వాయిదా అడిగాను" అన్నాను. అతను నవ్వలేదు. "పదకొండోనాడు రండి మాస్టారూ" అని పెట్టేశాడు. నేను మళ్ళీ బోర్డు వైపు తిరిగి డిమాండు రేఖ గీశాను. అది కిందికి దిగాల్సింది పోయి, కింద నుంచి పైకి వెళ్ళింది. పిల్లలు అదీ జోకే అనుకుని నవ్వారు.

అమీను అంటే ఎవరో తెలియని అదృష్టవంతుల కోసం రెండు మాటలు. కోర్టు తీర్పు చెబుతుంది. తీర్పు కాగితం మీద ఉంటుంది. కాగితానికి కాళ్ళుండవు. దాన్ని మీ గుమ్మం దాకా నడిపించుకొచ్చి, "ఇందులో రాసింది ఇప్పుడు జరగాలి" అని నిలబడే మనిషి అమీను. మా అమీను గారు సన్నగా, ఇస్త్రీ చెడని ఖాకీ రంగు చొక్కాతో, జేబులోని బాల్‌పెన్ పోకుండా దానికి దారం కట్టి, ఆ దారం గుండీకి కట్టుకుని ఉండేవారు. జప్తుకొచ్చిన ఇంట్లోకి కూడా చెప్పులు విప్పే వెళ్ళేవారు.

మా ఇంటికి ఎందుకొచ్చారంటే, రాష్ట్రం విడిపోయిన ఏడాదే మేమూ విడిపోయాం. వాళ్ళకి ఆస్తుల పంపకం తెగలేదు, మాకూ తెగలేదు. నేను మాజీ భార్య అని రాయలేను, ఆ మాట నాకు నప్పదు. కోర్టు భాషలో రాస్తాను. ఆమె డిక్రీదారు. డిక్రీ ఎవరి మీద వస్తే వాళ్ళని జేడీఆర్ అంటారు, అది నేను. డిక్రీదారుది సాలూరు. వాళ్ళ నాన్నకి మూడు లారీలు.

విడాకుల కేసులో జడ్జి గారు ఆమెని కారణం అడిగారు. ఆమె చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఈయన సెడ్డోడు కాదు సార్. ఏటడిగినా నవ్విస్తాడు. నాకు జొరమొస్తే నవ్వించాడు. మా అమ్మ పోయిన్రోజునా నవ్వించబోనాడు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, నిజంగా మాటాడమంటే మాటాడడు."

"మీరేమంటారు?" అని జడ్జి గారు నా వైపు చూశారు. నేను ఒక జోకు వేశాను. అది ఇక్కడ రాయను. జడ్జి గారు కూడా నవ్వారు. ఆమె నవ్వలేదు. విడాకులు వచ్చేశాయి.

పెళ్ళప్పుడు ఆమెతో వచ్చిన సారె సామానంతా జాబితా ప్రకారం రెండు నెలల్లో తిరిగి ఇచ్చెయ్యాలని డిక్రీలో ఉంది. నలభై ఒక్క వస్తువులు. నాకు అభ్యంతరమేమీ లేదు. రేపు పంపిస్తాను, ఎల్లుండి పంపిస్తాను అనుకున్నాను. ఆ మంచం మీదే పడుకుని అనుకున్నాను. రెండు నెలలు దాటాయి. వాళ్ళు డిక్రీ అమలు చెయ్యమని పిటిషను వేశారు, దాన్నే కోర్టులో ఈపీ అంటారు. వారంటు పుట్టింది.

ఒక ఉదయం మా వీధిలోకి పది టైర్ల లారీ వచ్చింది. కరెంటు తీగలు తగలకుండా ఒకడు కర్రతో ఎత్తి పట్టుకుంటున్నాడు. దాని ముందు, ఊరేగింపులో బాజావాడిలా, అమీను గారు. క్యాబిన్‌లో డిక్రీదారు తమ్ముడు. ఏ వస్తువు తమదో గుర్తుపట్టి చెప్పడానికి అతన్ని పంపారు.

"ఎవులండీ ఇంట్లో? కోర్టొచ్చింది!"

తలుపు తీశాను. "రండి, కోర్టుకి కాఫీయా, టీయా?" అన్నాను.

అమీను గారు ఒక్కసారి నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వి, చెప్పులు విప్పారు. "ఏటీ అనుకోకండి మాస్టారూ. డూటీ."

చెంబుతో మంచినీళ్ళు తెచ్చాను. చెయ్యి అడ్డం పెట్టారు. సంచిలోంచి తన సీసా తీసి చూపించారు, ఎప్పటిదో కూల్‌డ్రింకు సీసా, కడిగి కడిగి తెల్లబడిపోయింది. "పని మీదెళ్ళిన ఇంట నీళ్ళు ముట్టను. సర్వీసులో సేరినకాణ్ణుంచీ ఇంతే. తాగితే సెయ్యి మెత్తబడిపోద్ది. పనయ్యాక ఇయ్యండి, తాగుతాను."

జాబితా పైకి చదవడం మొదలెట్టారు. ఒకటి, బీరువా. రెండు, మంచం. చదవడం, బావమరిది తల ఊపడం, టిక్కు. కూలీలు విసురుగా ఎత్తబోతే, "వస్తువులేటీ తప్పు సెయ్యనేదర్రా, నెమ్మదిగా పట్టండి" అన్నారు. బీరువా పక్కకి జరిపితే కింద దుమ్ములో ఆమె తలపిన్ను ఒకటి కనిపించింది. అమీను గారు దాన్ని తీసి, చొక్కాకి తుడిచి, జాబితా మొదటి నుంచి చివరిదాకా చూశారు. "ఇది లిస్టులో నేదు" అని నా అరచేతిలో పెట్టారు.

సారె గిన్నెల మీద పేర్లు కొట్టించడం మావైపు ఆచారం. చెంచా నుంచి గుండిగ దాకా, మిషనుతో చుక్కలు చుక్కలుగా పెళ్ళికూతురి పేరు. అమీను గారు ఒక్కొక్క గిన్నె గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళి, బొటనవేలితో ఆ పేరు తడిమి చూసి, అప్పుడు టిక్కు పెట్టారు. కళ్ళున్న మనిషి వేలితో ఎందుకు చదువుతారని అడిగాను. "కంటికి అన్నీ ఒకలాగే మెరుస్తాయి మాస్టారూ" అన్నారు.

పద్దెనిమిదో నెంబరు, స్టీలు గ్లాసులు, పెద్దవి, ఆరు. అయిదున్నాయి.

"ఆరోది?"

"ఉండాలండి. ఎక్కడో పోయినట్టుంది."

వెతికారు. పొయ్యి వెనక, అటక మీద, నీళ్ళగదిలో. బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికారు. లేదు. బావమరిది నా వైపు ఇబ్బందిగా చూశాడు. "బావా... అదే, మాస్టారూ. మా నాన్న ఒప్పుకోడు." ఫోన్ కలిపాడు. స్పీకర్లో మామగారి గొంతు వీధంతా వినపడింది.

"గ్లాసు కాదండీ అమీను గారూ, మాట! కోర్టు ఆరన్నాది. ఐదెలగ పట్టుకెళ్తాను నాను?"

"నేని గ్లాసు నానెక్కడ తెత్తానండీ? దొరకనేదని రాస్తాను, మళ్ళీ వారంటు తెచ్చుకోండి" అన్నారు అమీను గారు ఓపిగ్గా.

రాయడానికి బల్ల లేదు, అది అప్పటికే లారీ ఎక్కింది. గేటు దగ్గర నా స్కూటరు ఉంది. దాని సీటు మీద కాగితం పరిచి రాశారు. ఆయన పెన్ను నొక్కి రాస్తారు. మెత్తటి సీటు మీద ఫుల్‌స్టాపు పెట్టిన చోటల్లా కాగితం చిల్లు పడింది. "కోర్టుకి గాలాడతాది" అన్నాను. మళ్ళీ నవ్వారు.

మా సారెకి పది టైర్ల లారీలో నాలుగో వంతు కూడా నిండలేదు. అది వెళ్ళాక లోపలికొచ్చి దగ్గాను. హాలు కూడా దగ్గింది. చాలాసేపు ఇద్దరం అలా దగ్గుకున్నాం.

ఆ తర్వాతి మూడేళ్ళలో మామగారు మూడుసార్లు వారంటు తెచ్చారు. ఒక్క గ్లాసు కోసం. కోర్టులో గుమస్తాలు దాన్ని "గ్లాసు ఈపీ" అని పిలిచేవారట. ప్రతిసారీ అమీను గారే వచ్చారు. పాఠకులారా, ఇక్కడొక సంగతి నవ్వకుండా చదవండి. వారంటు తేదీ తెలిస్తే నేను ముందురోజే ఇల్లు ఊడ్చేవాణ్ణి. ఆయన ముట్టరని తెలిసీ బిస్కెట్లు తెచ్చేవాణ్ణి. మా ఇంటికి తేదీ చెప్పి వచ్చే మనిషి ఆయనొక్కరే. తేదీ చెప్పకుండా వచ్చేవాళ్ళు అసలు లేరు.

"దొరికిందేటి?"

"లేదండి."

అయినా చెప్పులు విప్పి లోపలికొచ్చి వెతికేవారు. వెతకడానికేముంది? నాలుగు గోడలు, ఒక చాప, నేను. అవి మూడూ శ్రద్ధగా చూసి, వచ్చి మెట్టు మీద కూర్చుని, తన సీసాలో నీళ్ళు తాగుతూ గంటసేపు మాట్లాడేవారు. వాళ్ళది శ్రీకూర్మం అవతల, సముద్రం ఒడ్డున ఊరు. ఇంటిల్లిపాదీ వేటకెళ్ళేవాళ్ళే.

"నాకు పడవెక్కితే వాంతులు. మా అయ్య ఒగ్గీసాడు, పోయి సదూకోమన్నాడు. మా వోళ్ళందరికీ సముద్రముంది, నాకు సైకిలుంది." సీసా మూత బిగిస్తూ ఒకసారి అన్నారు, "ఇన్నేళ్ళలో నన్ను సూసి సంతోషంగా తలుపు తీసినోడు ఒక్కడూ అగుపడనేదు మాస్టారూ. తిడతారు, ఏడుస్తారు, ఎనకగుమ్మంలోంచి పారిపోతారు. పండగనాడు మా వీధిలోనే నన్ను సూసి ఒకడు తలుపేసేసుకున్నాడు. మీరొక్కరే నవ్వుతూ తీస్తారు."

నేను బిస్కెట్ల పొట్లం ఆయన వైపు జరిపాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన వెతకలేదు. నేరుగా మెట్టు మీద కూర్చున్నారు.

"ఆ సాలూరు పాప కోర్టు కాడ అగుపడింది మాస్టారూ. వాళ్ళ నాన్నని దింపడానికొచ్చింది. నన్ను పక్కకి పిలిసి, 'గ్లాసు నాకక్కర్నేదండి, ఈ కేసైపోతే సాలు' అన్నాది. వాయిదా వొచ్చినప్పుడల్లా ఇంట్లో మళ్ళీ ఆ పెళ్ళి మాటే వస్తాదట. ఆళ్ళ నాన్న ఒగ్గడు, ఈ పిల్లకి ఒదల్దు." సీసా పక్కన పెట్టి నా మొహంలోకి చూశారు. "మీకు దొరికితే బాగుణ్ణు."

"దొరికితే పూలదండ వేసి, డప్పులతో సాలూరు పంపిస్తానండి."

ఆయన నవ్వారు. నవ్వి, "నవ్వొచ్చింది, నవ్వాను. అది ఏరు. గ్లాసు ఏరు" అన్నారు.

ఆ రోజు బస్టాండు దాకా స్కూటరు మీద దింపాను. రైలుగేటు దగ్గర పట్టాలు దాటుతుంటే సీటు కింద ఖణ్ మని మోగింది.

"ఏటా సప్పుడు?"

"స్పానర్లండి."

"స్పానర్లా" అన్నారు. బస్టాండులో దిగాక సీటు మీద అరచెయ్యి పెట్టి, "నా పెన్నుతో సిల్లులు పడిపోనాది. కవరు మార్పించుకోండి" అన్నారు. బస్సు కదిలేదాకా కిటికీలోంచి నన్ను కాదు, స్కూటర్ని చూశారు.

నాలుగోసారి కూడా ఆయన ఆ సీటు మీదే రాశారు. దొరకలేదు.

తర్వాత రిటైరయ్యారు. ఆ మరుసటి ఆదివారం తెల్లచొక్కా వేసుకుని మా ఇంటికొచ్చారు. వారంటు లేదు, సంచి లేదు. తలుపు తీసి, "కోర్టు సెలవు మీదొచ్చిందా?" అన్నాను. సంబరంగా పరుగెత్తి, మెస్సువాళ్ళిచ్చిన ప్లాస్టిక్ గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. ఆయన అందుకున్నారు. కాసేపు చేతిలోనే ఉంచుకున్నారు. తర్వాత మెట్టు మీద పెట్టేశారు.

"నాను రిటైరైపోనాను మాస్టారూ. పనైపోనేదు కదా."

"ఇప్పుడది మీ పని కాదు కదండీ."

"మేడలు కాళీ సేయించాను. ధాన్యం మిల్లుకి తాళమేయించాను. గ్లాసు కాడ ఆగిపోనాను." ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు, వాతావరణం చెబుతున్నట్టుంది. "అయ్యాక ఇయ్యండి. తాగుతాను."

అలా ఇంకో అయిదారు ఆదివారాలు వచ్చారు. గ్లాసు మాట మళ్ళీ ఎత్తలేదు. నేను ప్రతిసారీ నీళ్ళు తెచ్చాను, ఆయన ప్రతిసారీ మెట్టు మీద పెట్టారు, వెళ్ళాక నేను వాటిని మందారమొక్కకి పోశాను. మా వీధిలో అంత మర్యాదగా పెరిగిన మందారం ఇంకొకటి లేదు.

పదకొండోనాడు స్కూటరు మీద శ్రీకూర్మం దాటి వాళ్ళ ఊరెళ్ళాను. ఇంటి ముందు వలలు ఆరేసి ఉన్నాయి. షామియానా కింద మనుషులు చాలామంది ఉన్నారు. ఆయన తలుపు తట్టిన ఇళ్ళవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. కొడుకు ఎదురొచ్చి, స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు అందించాడు. "ఎండన పడి వొచ్చేరు, ముందు తాగండి మాస్టారూ."

చెయ్యి అడ్డం పెట్టాను. "పని మీద వచ్చానండి. అయ్యాక తాగుతాను."

జోకు అనుకుని అతను మొహమాటంగా నవ్వాడు. అది జోకు కాదు. జీవితంలో మొదటిసారి, జోకు కాని మాటకి ఒకరిని నవ్వించాను.

జేబుపుస్తకం తెచ్చి చూపించాడు. ఆఖరి పేజీలో నా పేరు, నెంబరు, "గ్లాసు 1". నొక్కి రాసిన పెన్ను అవతలి వైపు దాకా దిగింది. ఆకు తిప్పాను. అక్కడ ఇంకో ముక్క ఉంది, కొడుకు చూడనిది. మూడే మాటలు.

"అడగకూడదు. మాస్టారే ఇస్తారు."

బయటికొచ్చి స్కూటరు దగ్గర నిలబడ్డాను. ఎండకి సీటు కాలుతోంది. దాని మీద నాలుగు వారంట్ల చుక్కలున్నాయి. బొటనవేలితో తడిమాను. చదవడానికి రాలేదు, కాని ఆయన చెయ్యి ఎక్కడెక్కడ ఆగిందో తెలిసింది. సీటు ఎత్తాను. కింద స్పానర్లు లేవు. ఎప్పుడూ లేవు.

మిగతా అయిదు గ్లాసుల మీదా ఆమె పేరు ఒక్కటే. ఈ ఆరోదాని మీద, పెళ్ళికి ముందు కొట్లో నిలబడి, మిషనువాణ్ణి బతిమాలి, తన పేరు కింద నా పేరు కూడా కొట్టించింది. మొదటి రోజు కాఫీ ఇందులోనే ఇచ్చింది. మా ఇద్దరి పేర్లూ కలిసి ఉన్న వస్తువులు ఈ లోకంలో రెండే మిగిలాయి, ఇదీ, డిక్రీ కాగితమూ. డిక్రీలో మధ్యన 'వర్సెస్' అని ఉంది. ఇందులో ఏమీ లేదు.

బోరింగు దగ్గర గ్లాసు కడిగి, నిండా నీళ్ళు పట్టి, సీటు మీద ఆ చుక్కల మధ్య పెట్టాను. సముద్రం గాలికి నీళ్ళు అంచుదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. చాలాసేపు చూశాను. ఎవరూ తాగలేదు.

రేపు పొద్దున్న దాన్ని తీసుకుని సాలూరు వెళ్తున్నాను. తలుపు మామగారు తీసినా, బావమరిది తీసినా, ఆమే తీసినా చెప్పవలసిన మాట ఒక్కటే. చిన్నదే. దారిపొడుగునా పైకి అనుకుంటూ వెళ్తాను, మధ్యలో ఇంకేదీ దూరకుండా. ముందుగా ఇక్కడ, మీ దగ్గర ఒకసారి.

గ్లాసు పోలేదు. లారీ హారను వినపడగానే, కోర్టొచ్చేలోపల, నేనే దాచాను.